మంచులోనూ కాలే బెల్టు

రెండేళ్ల కింద జనవరిలో గుల్‌మార్గ్ పోయినప్పుడు స్నోమొబైల్ ఎక్కాను. అక్కడ అందరూ దాన్ని స్నో బైక్ అనే అంటారు. ముందు రెండు స్కీలు, వెనుక యుద్ధట్యాంకుకు ఉన్నట్టు తిరిగే రబ్బరు పట్టా. నడిపే కుర్రాడు స్టార్ట్ చేసే ముందు బండి వెనుక భాగాన్ని రెండు చేతులతో జానెడెత్తు లేపి దబ్బున వదిలాడు. రెండుసార్లు అట్లనే చేశాడు. మొక్కుబడేమో అనుకున్నా. సగం దూరం ఎక్కాక కాలిన రబ్బరు వాసన వచ్చింది. బండి ఆపి, పక్క మూత తెరిచి, చల్లారేదాకా అట్లనే వదిలేశాడు. లోపల రెండు ఇనుప పళ్లాల మధ్య నల్లటి బెల్టు. ముట్టుకోబోతే నా చెయ్యి పట్టి ఆపాడు. మేం నిలబడ్డ చోట నోట్లోంచి పొగ వస్తోంది, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆ మూత కింద మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి.

ఆ వాసన నాకు కొత్తేం కాదు. అంతకు ముందు మే నెలలో మా వదిన స్కూటీ కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ఆగిపోయినప్పుడు వచ్చింది కూడా అదే. (ఏ కంపెనీదైనా సరే, గేర్లు లేని బండి మన దగ్గర స్కూటీయే.) ఇంజన్ నడుస్తోంది, రేస్ ఇస్తే అరుస్తోంది, బండి మాత్రం కదలదు. వెనుక నుంచి హారన్లు. మే నెల ఎండకు బెల్టు మాడిందనే అందరం అనుకున్నాం. గుల్‌మార్గ్ చూశాక ఆ మాట నమ్మడం మానేశాను. మంచులో కూడా బెల్టు కాలిందంటే నేరం ఎండది కాదు.

రెండు బండ్లలో ఉన్నదీ ఒకే ఏర్పాటు. గేర్‌బాక్స్‌కు బదులు రెండు గిరకలు, వాటి మధ్య ఒక బెల్టు. ఈ పద్ధతిని కార్లలో పెట్టి జనంలోకి తెచ్చింది నెదర్లాండ్స్‌లోని డాఫ్ కంపెనీ, 1958లో. మరుసటి ఏడాదే కెనడాలో జోసెఫ్ అర్మాండ్ బాంబార్డియర్ స్కీ-డూ అనే చిన్న స్నోమొబైల్‌ను అమ్మకానికి పెట్టాడు. మన వరంగల్ ఆర్‌ఈసీకి (ఇప్పటి ఎన్‌ఐటీ ఇంజనీరింగ్ కాలేజీ) నెహ్రూ శంకుస్థాపన చేసింది కూడా ఆ 1959లోనే. రెండింటికీ సంబంధమేమీ లేదు, ఏడాది గుర్తుండటానికి చెప్తున్నానంతే. మన రోడ్ల మీదికి ఈ ఏర్పాటు 1984లో కైనెటిక్ హోండాతో వచ్చింది. అప్పట్లో గేర్లు లేని బండి చూసి నవ్వినవాళ్ల ఇళ్లల్లో ఇప్పుడు రెండేసి ఉన్నాయి.

ఒక్కో గిరక రెండు ముక్కలు. రెండు పళ్లాలను వీపు వీపు ఆనించి నిలబెడితే వాటి అంచుల మధ్య ఒక గాడి పడుతుంది కదా, అట్లా. పళ్లాలు దగ్గరికి జరిగితే బెల్టు పైకి ఎగదన్నుకుని పెద్ద వలయంలో తిరుగుతుంది. దూరం జరిగితే లోపలికి దిగి చిన్న వలయం అవుతుంది. ఇంజన్ తిప్పే ముందు గిరక చిన్నదిగా, బండిని నడిపే వెనకది పెద్దదిగా ఉంటే ఫస్ట్ గేర్. తారుమారైతే టాప్ గేర్. మధ్యలో లెక్కలేనన్ని గేర్లు.

మరి ముందు గిరకను నొక్కేదెవరు? స్కూటీలో అయితే దాని వెనుక దాగిన ఆరు చిన్న రోలర్లు. ఒక్కోటి చూపుడువేలి కొసంత ఉంటుంది, బరువు పది పన్నెండు గ్రాములు. ఇంజన్ తిరుగుతుంటే అవి బయటికి విసురుకుపోయి పళ్లాన్ని నెడతాయి. కాగితం మీద లెక్క వేసి చూశా. పన్నెండు గ్రాముల రోలర్, ఇరుసుకు మూడు సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే బయటికి తన్నే బలం దాదాపు పద్నాలుగున్నర కిలోల బరువుతో సమానం. ఆరూ కలిపితే 87 కిలోలు. అదే 2,000 చుట్ల దగ్గర ఒక్కోటి కిలోన్నర పైచిలుకే. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. అరచేతిలో పట్టే ఆరు ముక్కలు ఒక పెద్దమనిషంత బరువుతో నొక్కుతున్నాయంటే, వాటిలో ఒకటి అరిగినా బెల్టుకు ఆ తేడా తెలియకుండా పోదు.

బెల్టుకు పళ్లు ఉన్నా అవి గిరకను కరవవు. ఆ పళ్లు ఉన్నది బెల్టు సులువుగా వంగడానికి. పట్టు ఉన్నదంతా దాని రెండు పక్కల చెక్కిళ్ల మీదే. తాటిచెట్టెక్కే గౌడన్న నడుముకు, చెట్టుకు కలిపి మోకు వేసుకుంటాడు. ఎంత వెనక్కి వాలితే అది చెట్టును అంత గట్టిగా పట్టుకుంటుంది. వదులైతే సర్రున జారుతుంది. బెల్టుకూ ఆ రాపిడే ఆధారం. పైగా గాడి వాలుగా ఉండటం వల్ల బెల్టు చీలికలా దిగి ఇరుక్కుంటుంది. అందుకే పాత గిర్నిల్లో తిరిగే బల్లపరుపు పట్టా కంటే దీని పట్టు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అయితే మోకు జారితే గీత కార్మికుడి ఛాతీ గీసుకుపోయినట్టు, బెల్టు జారితే దాని చెక్కిళ్లు కాలిపోతాయి.

ఎంత కాలుతాయంటే... 110 సీసీ స్కూటీ ఇంజన్ గరిష్ఠంగా ఆరు కిలోవాట్ల దాకా ఇస్తుంది. అందులో పదో వంతు జారుడులో పోయినా ఆరు వందల వాట్లు. ఇస్త్రీ పెట్టెకు కాస్త తక్కువ. మూత పెట్టిన పెట్టెలో, రబ్బరు పక్కన, ఆ ఇస్త్రీ పెట్టె వెలుగుతూ ఉందన్నమాట. పెద్ద స్నోమొబైళ్లలో 120 హార్స్‌పవర్ మామూలే. వాటిలో పదో వంతంటే తొమ్మిది కిలోవాట్లు, నాలుగైదు గీజర్లు ఒకేసారి వేసినట్టు. చుట్టూ మంచు ఉంటే ఏం లాభం? రబ్బరు లోపలి వేడి పది డిగ్రీలు పెరిగితే బెల్టు ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. మన రామగుండం, వరంగల్ మే నెలలు బెల్టుకు మేలు చేయవు, నిజమే. కానీ ఎండ ఇచ్చే పదిహేను డిగ్రీలు ఒక ఎత్తు, జారుడు క్షణాల్లో పుట్టించే వేడి ఒక ఎత్తు.

గుల్‌మార్గ్ కుర్రాడు బండిని ఎందుకు ఎత్తి పడేశాడో ఇక్కడ చెప్పాలి. స్నోమొబైల్‌లో విడిగా క్లచ్ ఉండదు, బెల్టే క్లచ్. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముందు గిరక పళ్లాలు దూరంగా ఉండి బెల్టు వదులుగా వేలాడుతుంది. చుట్లు మూడు నాలుగు వేలు దాటితే పళ్లాలు వచ్చి బెల్టును పట్టుకుంటాయి. రాత్రంతా నిలిపిన బండి పట్టా మంచుకు అతుక్కుపోయి ఉంటుంది. అట్లనే రేస్ ఇస్తే వెనుక గిరక కదలదు, బెల్టు కదలదు, ముందు గిరక మాత్రం బెల్టును ఒకే చోట రాపాడుతుంది. రెండు సెకన్లు చాలు. అక్కడ బెల్టు రెండు పక్కలా హరించుకుపోయి డమరుకం నడుములా సన్నబడుతుంది. ఆ తర్వాత ఆ సన్నటి చోటు గిరకలోకి వచ్చిన ప్రతిసారీ బండి టక్కుటక్కుమని కొట్టుకుంటుంది. ఏ పదో కిలోమీటరు దగ్గరో తెగుతుంది. అందుకే ముందే పట్టాను మంచు నుంచి విడిపించాడు. నేను మొక్కుబడి అనుకున్నది పక్కా మెకానిక్కు పని.

మన స్కూటీలో కథ కొంచెం వేరు. ఇక్కడ ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపూ బెల్టు తిరుగుతూనే ఉంటుంది. వెనుక గిరక పక్కన విడిగా క్లచ్ ఉంటుంది. చుట్లు పెరిగితే క్లచ్ షూలు, అంటే రాపిడితో పట్టే వంపు ముక్కలు, విచ్చుకుని చుట్టూ ఉన్న ఇనుప కప్పును పట్టుకుంటాయి. కాబట్టి సిగ్నల్ దగ్గర ఊరికే ఆగితే బెల్టుకు నష్టం లేదు. నష్టం ఆగీ ఆగకుండా ఉన్నప్పుడే. మా వదిన చేసిందదే. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుడులో జామ్ అయితే బండి వెనక్కి జారకుండా బ్రేక్ పట్టదు, కొంచెం కొంచెం రేస్ ఇస్తూ నిలబెడుతుంది. వెనుక ఇద్దరు పిల్లలు, ముందు కాళ్ల దగ్గర పాతిక కిలోల బియ్యం సంచి. షూలు కప్పును సగం పట్టుకుని సగం వదిలేస్తూ రాసుకుంటూ ఉంటాయి. ఆ వేడి పక్కనే ఉన్న గిరకకు, అక్కడి నుంచి బెల్టుకు.

మేడారం జాతర దారిలో ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది ఇది. వరంగల్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. తాడ్వాయి దాటాక బండ్లు నడక వేగంతో గంటల తరబడి పాకుతాయి. స్కూటీ మీద ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ, తల్లులకు మొక్కిన బెల్లం బంగారం. ఒక్కో అడుగుకూ షూలు రాసుకోవాల్సిందే. తిరిగొచ్చిన వారానికి మెకానిక్ షెడ్డుల ముందు వరుస కట్టేవి ఈ బండ్లే. మొక్కు తీరింది, క్లచ్చూ తీరింది.

వదిన బండి విప్పింది నక్కలగుట్ట దగ్గర ఒక చిన్న షెడ్డులో. మూత తీయగానే లోపల నల్లటి దూది. బెల్టులోని పీచంతా చీలి గిరకకు చుట్టుకుపోయింది, కొబ్బరి పీచులా. కొత్త బెల్టు వేసి పంపమన్నా. మెకానిక్ వినలేదు.

"బెల్ట్ ఏసుడెంత సేపు సార్. మల్ల ఆర్నెల్లకు తెంపుకుని వస్తరు. గీ రోలర్లు చూడుండ్రి."

చేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సిన రోలర్లలో నాలుగు ఒక పక్క చెక్కినట్టు బల్లపరుపుగా అయ్యాయి. దొర్లాల్సినవి ఆ చదును మీద ఆగిపోతాయి. ఇంజన్ ఎక్కువ గేరు అడిగితే ముందు రావు, వచ్చినప్పుడు ఒక్కసారిగా దూకుతాయి. ఆ దూకుడుకు బెల్టు జారుతుంది. తర్వాత క్లచ్ కప్పు చూపించాడు. లోపలి అంచు నీలం రంగు తిరిగింది. ఉక్కు ఆ రంగు తిరగాలంటే దాదాపు 300 డిగ్రీలు తగలాలి. ఇంట్లో అట్ల పెనం కూడా మామూలుగా అంత కాగదు. షూలు అద్దంలా మెరుస్తున్నాయి. వదిన ఏడాదిగా చెప్తున్న "పొద్దున కదిలేటప్పుడు వణుకుతది" అన్న ఫిర్యాదుకు కారణం ఆ మెరుపే. గరుకు కాగితంతో రుద్దితే నెల రోజులు బాగుంటుంది, మళ్లీ మెరుస్తుంది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. వెనుక గేర్ ఆయిల్ సీలు దగ్గర తడి. ఆ చుక్కలే గిరక మీద చిమ్మి బెల్టు చెక్కిళ్లను జిడ్డు చేస్తున్నాయి. రాపిడి మీద బతికే వస్తువుకు నూనె విషం. ఈ విషం ఒక్కోసారి సర్వీసింగ్‌లోనే ఎక్కుతుంది. వెనుక గిరకలో గ్రీజు దట్టంగా కూరితే వేడికి కరిగి బెల్టు మీదికే చిమ్ముతుంది. గిరకలను డీజిల్‌తో కడిగితే సన్నటి జిడ్డు పొర మిగిలిపోతుంది. స్పిరిట్‌తో తుడిచి, శుభ్రమైన పొడిబట్టతో ఆరబెట్టాలి. కొత్త బెల్టు వేసేటప్పుడు చేతులకు గ్రీజు ఉండకూడదు. ఈ జాగ్రత్త చూసిన షెడ్డులు నాకు తక్కువే తగిలాయి.

నీళ్లు కూడా అంతే. 2023 జులై వానలకు హన్మకొండ మునిగినప్పుడు నయీంనగర్ వైపు నీళ్లలోంచి బండి తెచ్చినవాళ్లకు ఇది అనుభవమే. మోకాలి లోతులో ఇంజన్ ఆగకపోయినా బండి కదలదు. బెల్టు పెట్టెకు గాలి పోయే దారి గుండా నీళ్లు దూరి, గిరకకు బెల్టుకు మధ్య పొర కడతాయి. అప్పుడు గట్టిగా రేస్ ఇవ్వడమే అందరూ చేసే పని. తడి ఆరేలోపు బెల్టు కాలుతుంది. దిగి నెట్టుకుంటూ ఒడ్డుకు తెచ్చి, స్టాండ్ వేసి కాసేపు నెమ్మదిగా తిప్పితే దానంతట అదే ఆరుతుంది. మంచుపొడి లోపలికి పోయినప్పుడు స్నోమొబైల్ వాళ్లు చేసేదీ ఇంచుమించు ఇదే.

బెల్టు చెప్పకుండా తెగదు. అరిగి సన్నబడితే ముందు గిరక అంచు దాకా ఎక్కలేదు, అందుకే టాప్ స్పీడ్ తగ్గుతుంది. మునుపు ఎనభై పోయే బండి డెబ్బై దగ్గర ఆగుతుంటే కార్బురేటర్‌ను తిట్టే ముందు ఆ మూత తీయించాలి. చాలా మాన్యువళ్లు ఇరవై, ఇరవై అయిదు వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటాయి. అది ఒంటరిగా, సాఫీ రోడ్డు మీద తిరిగే బండికి. ముగ్గురు, బియ్యం సంచి, బ్రిడ్జి ఎక్కుడు ఉన్న బండికి పది వేలకోసారి విప్పి చూడటం నా లెక్క. మూతకు గాలి పీల్చే స్పాంజి ఉంటే దాని దుమ్ము దులపడం అంతకంటే తరచుగా. గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో అది నెలకే బూడిద రంగుకు తిరుగుతుంది.

స్నోమొబైల్ వాళ్ల అలవాటు ఒకటి మనమూ తెచ్చుకోవచ్చు. కొత్త బెల్టు వేశాక మొదటి యాభై కిలోమీటర్లు గట్టిగా లాగరు, ఒకే వేగంతోనూ పోరు. చెక్కిళ్లు గిరకకు సరిపడా నలిగి కూర్చోవాలని. అట్లా నలిగిన బెల్టునే తీసి స్పేర్‌గా పెట్టుకుంటారు, అడవి మధ్యలో పాతది తెగితే ఇది వేసి వెంటనే బరువు లాగొచ్చని. బెల్టులు వరుసగా తెగుతుంటే రెండు గిరకలూ ఒక వరుసలో ఉన్నాయా లేదా అని వంకర లేని కడ్డీ పెట్టి చూస్తారు. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్లు అరిగి ఒకటి పక్కకు జరిగినా బెల్టు ఏటవాలుగా తిరుగుతుంది.

నక్కలగుట్టలో ఆ రోజు బెల్టు, రోలర్లు, షూలు, సీలు అన్నీ మార్చాం. బిల్లు చూసి వదిన మూతి ముడుచుకుంది. పాత బెల్టు ముక్క పారేయకుండా తెచ్చుకుని స్కేలు పెట్టి కొలిచాను. తెగని చోట కొత్త దానికంటే మిల్లీమీటరున్నర సన్నం. అది ఇప్పుడు మా అమ్మ పెరటి గేటుకు గొళ్లెం బదులు కట్టుకుంది. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద జామ్ అయితే వదిన బ్రేక్ పట్టి నిలబడుతోందట. వెనకాయన హారన్ కొడితే మాత్రం ఇంకా రేస్ ఇస్తానంది.