నదిలోకి ఉప్పు ఎక్కడ కలుస్తుంది?

వానలు వెనకబడి నెలలు గడిచినా నది పారుతూనే ఉందంటే, పైన మంచు కరగడమో ఆనకట్ట నీళ్ళు వదలడమో లేనప్పుడు, ఆ నీళ్ళు నేలలోంచి ఊరుతున్నవే. ఒడ్డు పక్క భూగర్భజల మట్టం నది మట్టం కంటే ఎత్తున ఉన్నంతకాలం ఈ ఊట ఆగదు. దీన్ని బేస్ ఫ్లో అంటారు. వాననీరు నేలమీదుగా గంటల్లో, రోజుల్లో నదిలోకి జారిపోతుంది. ఊటనీరు మాత్రం రాళ్ళ సందుల్లో ఏళ్ళు, ఒక్కోచోట వేల ఏళ్ళు గడిపి వస్తుంది. అంతకాలం ఏ రాతిని ఒరుసుకుందో ఆ రాతి లవణాలను మోసుకొస్తుంది. అందుకే వరద రోజున ఒక సీసా నీళ్ళు పట్టి నది ఉప్పదనం ఇంత అని చెప్పేయడం తొందరపాటు.

ప్రపంచ నదుల్లో సగటున లీటరుకు 100 మిల్లీగ్రాములకు కాస్త పైన లవణాలు కరిగి ఉంటాయి. సముద్రంలో అవి సుమారు 35,000. గ్రానైట్ చాలా నిదానంగా కరుగుతుంది కాబట్టి, గ్రానైట్ కొండల్లో పుట్టిన ఏరు లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాములు దాటడం అరుదు. సున్నపురాతి ప్రాంతంలో మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి నీరు కొద్దిగా ఆమ్లంగా మారుతుంది, రాతిని కరిగిస్తుంది, లెక్క వందల్లోకి వెళ్తుంది. అయినా ఆ నీరు నాలుకకు ఉప్పగా తగలదు. సబ్బు నురగ రాకపోవడం, గిన్నెల అడుగున తెల్లపొర కట్టడం దాని గుర్తులు. జిప్సం అయితే లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు కరుగుతుంది. రాతి ఉప్పు దాదాపు 360 గ్రాములు! పాత సముద్రాలు ఎండిపోయి మిగిల్చిన ఉప్పు పొరల మీదుగా భూగర్భజలం కదిలిందంటే, ఆ నీటి పరిమాణం ఎంత తక్కువైనా నదికి చాలు.

ఎంత తక్కువో లెక్క వేద్దాం. సెకనుకు 10,000 లీటర్ల నీరు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లవణాలతో పారుతోంది. అడుగున ఒకచోట సెకనుకు కేవలం 10 లీటర్ల ఉప్పునీరు, లీటరుకు 2,50,000 మిల్లీగ్రాములది, ఊరుతోంది. కలిశాక నదిలో సుమారు 450. వెయ్యో వంతు నీరు ఉప్పదనాన్ని రెట్టింపు దాటించింది. ప్రవాహం 2,000 లీటర్లకు పడిపోతే అదే ఊట 1,400 దాటిస్తుంది. ఊట మారలేదు, దాన్ని పలచన చేసే నీరు తగ్గింది, అంతే.

2,50,000 ఊహించి రాసిన అంకె కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో డోలరెస్ నది పారడాక్స్ లోయను దాటేచోట దాదాపు అంత గాఢమైన ఉప్పునీరే అడుగునుంచి ఊరుతుంది. (నది లోయ పొడవునా పారకుండా అడ్డంగా కోసుకుపోతుంది, ఆ విరోధాభాసకే ఆ పేరు.) లోయ కింద ఉన్నది భారీ ఉప్పు రాశి. నదిని చేరకముందే ఆ నీటిని బావులతో తోడి, సుమారు 4.9 కిలోమీటర్ల లోతు బావిలోకి ఒత్తిడితో ఎక్కించే పని 1996 నుంచి క్రమంగా సాగింది. ఉప్పు తగ్గింది, కానీ భూకంపాలు వచ్చాయి. 2019 మార్చిలో 4.5 తీవ్రతతో ఒకటి వచ్చాక ఎక్కించడం ఆపాల్సి వచ్చింది. తోడడం తేలిక, తోడిన ఉప్పును ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు.

ఉప్పురాయి లేకపోయినా నది ఉప్పెక్కగలదు. ఆస్ట్రేలియాలోని ముర్రే నది పరీవాహకంలో వానతో, గాలితో వచ్చిన ఉప్పు వేల ఏళ్ళుగా మట్టిలో పోగుపడింది. అక్కడి యూకలిప్టస్ చెట్లు వాననీటిని దాదాపు మొత్తం తాగేసి ఉప్పును వేళ్ళ కింద వదిలేసేవి. చెట్లు కొట్టి పొలాలు చేశాక నీరు లోపలికి దిగింది, జలమట్టం లేచింది, పాత ఉప్పునీటిని నదివైపు నెట్టింది. ఈ జరుగుబాటుకు దశాబ్దాలు పడుతుంది కాబట్టి ఇవాళ్టి ఉప్పుకు కారణం తాతల కాలపు గొడ్డలి కావచ్చు. అక్కడ నది వెంట వరసగా బోర్లు వేసి, ఉప్పునీటిని దూరంగా, ఎండకు నీరు ఆవిరైపోయే మడుగుల్లోకి పంపుతున్నారు. ఇందులో కొలత తప్పకూడదు. అతిగా తోడితే జలమట్టం నది కంటే కిందికి పోయి, నది నీరే బోర్లలోకి వచ్చేస్తుంది.

ఊట ఎక్కడుందో పట్టుకోవడానికి ప్రవాహం బాగా తగ్గిన రోజులే మంచివి. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ కరెంటు తేలిగ్గా పారుతుంది, దాన్ని కొలిచేది వాహకత మీటరు. దాన్ని సెంటీమీటరుకు 1,413 మైక్రోసీమెన్స్ (వాహకత కొలమానం) ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకుని, నది వెంట కొన్ని వందల మీటర్లకు ఒకచోట కొలుస్తూ పోవాలి. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే రీడింగ్ సుమారు 2 శాతం మారుతుంది కాబట్టి అన్నిటినీ 25 డిగ్రీలకు సవరించాలి. లీటరుకు మిల్లీగ్రాముల్లో కావాలంటే రీడింగ్‌ను దాదాపు 0.65తో గుణిస్తారు. నీటిని బట్టి ఆ గుణకం 0.55 నుంచి 0.75 వరకు మారుతుంది. మడుగుల్లో పైనీరు మాత్రమే కొలిచి వచ్చేయడం తరచూ జరిగే పొరపాటు. ఉప్పునీరు బరువు, నెమ్మది నీటిలో అడుగునే పడుకుంటుంది. మీటరును తాడుతో కిందదాకా దించాలి.

తర్వాత ప్రవాహం. ఎగువన సెకనుకు 2 ఘనమీటర్లు, లీటరుకు 300 మిల్లీగ్రాములు; దిగువన 2.1 ఘనమీటర్లు, 420 మిల్లీగ్రాములు అనుకుందాం. ఒక్కోచోట ప్రవాహాన్ని లవణాల అంకెతో గుణించి, వచ్చినదాన్ని 86.4తో గుణిస్తే రోజుకు ఎన్ని కిలోల ఉప్పో తెలుస్తుంది. తేడా 24 టన్నులు. ఇక్కడో మెలిక ఉంది. ప్రవాహం కొలతలో 5 శాతం పొరపాటు మామూలే, 2 ఘనమీటర్లలో అది 0.1 ఘనమీటరు. అంటే కలిసిందనుకున్న నీరంతా కొలత తప్పే కావచ్చు! కానీ 24 టన్నుల ఉప్పు ఆ పొరపాటు కంటే చాలా పెద్దది, అది నిజంగానే కలిసింది. అందుకే ఊట పరిమాణం కన్నా ఉప్పు బరువును నమ్మాలి. ఊట ఈ భాగంలోనే ఉందని రూఢి చేసుకోవాలంటే రేడాన్ కొలుస్తారు. భూగర్భజలంలో ఎక్కువగా ఉండే ఈ వాయువు నదిలోకి రాగానే గాలిలోకి పోతుంది, మిగిలింది 3.8 రోజులకు సగమవుతుంది. కాబట్టి నీటిలో రేడాన్ గట్టిగా కనిపిస్తే ఊట దగ్గర్లోనే ఉంది.

ఏ రాయిదో తేల్చేది రసాయనం. ఒక మిల్లీగ్రాము సోడియానికి సుమారు 1.54 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటే రాతి ఉప్పును అనుమానించాలి. కానీ సముద్రపు నీటిలోనూ నిష్పత్తి దీనికి దగ్గరే, కాబట్టి బ్రోమైడ్ కూడా కొలవాలి. సముద్రంలో క్లోరైడ్ బరువు బ్రోమైడ్‌కు దాదాపు 290 రెట్లు. ఉప్పు స్ఫటికంగా మారేటప్పుడు బ్రోమైడ్‌లో ఎక్కువ భాగం ద్రవంలోనే ఉండిపోతుంది కాబట్టి, రాతి ఉప్పు కరిగిన నీటిలో ఆ నిష్పత్తి వేలల్లో ఉంటుంది.