'సవరించు' మీట వెనుక కథ

2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చేసింది. పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లింది. తెలుగు వికీపీడియాలో ఆ ఊళ్ల పేజీల్లో జిల్లా పేరు మార్చడానికి మాత్రం ఏ అధికారి సంతకమూ అక్కర్లేకపోయింది. పేజీ పైన 'సవరించు' అని ఉంటుంది. నొక్కి, దిద్ది, భద్రపరిస్తే సరి.

ఆ మీట మన చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ పెద్ద నగరాల్లో. శ్రీకాకుళంలో మాలాంటివాళ్లకు ఇంటర్నెట్ అంటే నెట్ సెంటరే. ఇంటర్ ఫలితాల రోజు హాల్‌టికెట్ నంబరు రాసుకున్న చీటీ పట్టుకుని మెట్లదాకా జనం. కీబోర్డు సెంటరాయన చేతిలో, మనం ఆయన భుజం మీంచి తొంగిచూడటమే. తెలుగు సైటు తెరిస్తే పిచ్చి గీతలు, ఎందుకంటే ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. కానీ కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ వేస్తేగానీ అక్షరాలు కుదురుగా కూర్చునేవి కావు.

చదివేవాళ్లే దిద్దే సైటును వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ అమెరికాలో అదే 1995లో పెట్టి, 'వికీ' అన్న మాటతో పేరు పెట్టాడు. హవాయి భాషలో 'వికీ' అంటే గబగబా అని. 2001 జనవరి 15న వికీపీడియా, 2003 డిసెంబరులో మన తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. ఎవరుపడితే వాళ్లు దిద్దితే పాడుచెయ్యరా అని నాకూ అనుమానమే ఉండేది. చేస్తారు. కానీ ప్రతి మార్పూ పేజీ చరిత్రలో ఉండిపోతుంది, పాత రూపానికి తిప్పెయ్యడం పాడుచెయ్యడం కంటే తేలిక. తగువొస్తే 'చర్చ' పేజీ ఉంది. అందరికీ సంబంధించిన సంగతులకు 'రచ్చబండ'. ఆ పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

రాయడం అలవాటులేనివాళ్ల వంతు 2016 సెప్టెంబరులో జియో వచ్చాకే. యూట్యూబ్ పుట్టింది 2005లోనే అయినా పల్లెల్లో ఫోనుతో వీడియో తీసి పెట్టడం అప్పుడే ఊపందుకుంది. 'ఏటి', 'ఎలిపోనాడు' అనే మా యాస మాటలు, సినిమాల్లో నవ్వించడానికి వాడిన మాటలే, ఆ వీడియోల్లో మామూలుగా వినబడతాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా కదా మరి.

అన్నట్టు, మొన్న రాజాం నుంచి మా ఇంటికొచ్చిన శుభలేఖ మీద ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే ఉంది.