గర్భిణికి షుగర్: ముప్పు జాబితా ఎక్కడ పుట్టింది, ఇక్కడ ఎందుకు పనికిరాలేదు

మొదటి చెకప్‌లో గర్భిణిని అడిగే ప్రశ్నలు మారవు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? ముందు కాన్పులో బిడ్డ బరువెంత? నీ వయసెంత? గర్భంలో షుగర్ వచ్చే ముప్పు ఎవరికుందో ఏరే ఈ ప్రశ్నల జాబితా వెనక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం మన దగ్గర జరిగింది కాదు, చిక్కు అక్కడే వచ్చింది.

1824లో బెర్లిన్‌లో బెన్నెవిట్జ్ అనే యువ వైద్యుడు పట్టా కోసం ఒక వ్యాసం సమర్పించాడు. అందులోని రోగికి 22 ఏళ్లు, ఐదో కాన్పు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు, మూత్రంలో చక్కెర పోతోంది. బిడ్డ 12 పౌన్లు తూగింది, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. బతకలేదు. కాన్పయ్యాక తల్లి మూత్రంలో చక్కెర కనిపించకుండా పోయింది. బరువైన బిడ్డ, పురిట్లోనే పోయిన బిడ్డ అనే రెండు గుర్తులు తర్వాతి కాలపు జాబితాల్లోకి ఎక్కాయి. రెండూ ఈ ఒక్క కేసులోనే ఉన్నాయి.

కొలతలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. 1964లో బోస్టన్‌లో ఓసల్లివాన్, మహన్ 752 మంది గర్భిణులకు 100 గ్రాముల గ్లూకోజు తాగించి, మూడు గంటలపాటు రక్తం తీసి చూశారు. అప్పుడు వాళ్లు గీసిన హద్దు కడుపులోని బిడ్డ కోసం కాదు, ఆ తల్లికి ముందుముందు షుగర్ వస్తుందా లేదా అని చెప్పడానికి. 1973లో అదే బృందం మరో సంగతి తేల్చింది: ప్రశ్నల జాబితానే నమ్ముకుంటే షుగర్ ఉన్నవాళ్లలో మూడో వంతుకు పైగా దొరకరు. అయినా జాబితా పోలేదు. అడగడానికి ఖర్చు లేదు కదా!

1997 నాటికి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ జాబితాను తిరగేసి వాడింది. పాతికేళ్లలోపు వయసు, మామూలు బరువు, కుటుంబంలో షుగర్ లేకపోవడం, పైగా జబ్బు ఎక్కువగా కనిపించే జాతులకు చెందకపోవడం... ఇవన్నీ ఉంటే పరీక్ష అక్కర్లేదంది. ఆ చివరి షరతుతో న్యూజెర్సీలోని తెలుగు అమ్మాయికి మినహాయింపు పోయింది. బ్రిటన్ మార్గదర్శకాల్లోనూ దక్షిణాసియా మూలమే ఒక ముప్పు.

ఎందుకలా? గర్భం సగం దాటాక మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. బిడ్డకు పోషణ అందడానికి అది ప్రకృతి చేసిన ఏర్పాటు. తల్లి క్లోమం మామూలుకన్నా రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారుచేస్తే సరి, లేకపోతే చక్కెర పేరుకుంటుంది. మనవాళ్లలో ఇన్సులిన్‌కు ఆ అడ్డు (నిరోధకత) ముందే కొంత ఉంటుంది. 1993లో పుణె దగ్గరి పల్లెల్లో మొదలైన అధ్యయనంలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూసింది దీనికి సంబంధించిందే. అక్కడి బిడ్డలు ఇంగ్లండు బిడ్డలకన్నా దాదాపు 800 గ్రాములు తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూపులకు సన్నం, లోపల కొవ్వు. అందుకే భారతీయులకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 దాటగానే అధిక బరువు అంటున్నారు, పాశ్చాత్యుల లెక్క 25.

ఆ ప్రశ్నలనే మన ఊళ్లో అడిగి చూడండి. "మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదండీ" అంటారు. ఆమె నాన్న ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నాడా అంటే లేదు. నాలుగు కిలోల బిడ్డ పుట్టిందా అని అడగడం, సగటు బరువు మూడు కిలోలైనా లేని చోట పెద్దగా ఉపయోగపడే ప్రశ్న కాదు. వయసు పాతికలోపేగా అని వదిలేద్దామంటే, మనకు షుగరే చిన్న వయసులో వస్తోంది. పీసీఓఎస్ (అండాశయాల్లో వచ్చే హార్మోన్ల సమస్య) ఉందా అంటే, ఎప్పుడూ స్కానింగ్ చేయించుకోనివాళ్లు ఏం చెబుతారు?

చెన్నైలో డాక్టర్ వి. శేషయ్య ఈ చిక్కును సూటిగా తెంచారు. అందరూ జాబితాలో ఉన్నవాళ్లే అయినప్పుడు అందరికీ పరీక్ష చేయడమే దారి అన్నారు. 2007లో తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకుంది, 2014లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది, 2018లో వాటిని సవరించింది. పరగడుపున రావాల్సిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగించి, రెండు గంటలయ్యాక వేలికొన మీద చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌లో చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భిణి షుగరే. అరగంటలోపు వాంతి చేసుకుంటే మర్నాడు మళ్లీ. మొదటి చెకప్‌లో ఒకసారి, అప్పుడు లేకపోతే 24–28 వారాల మధ్య మరోసారి. మన ఇళ్లలో ఏడో నెల సీమంతం, ఒళ్లో చలిమిడి, చుట్టాలు తెచ్చే స్వీట్లు సరిగ్గా ఆ వారాల దగ్గరే వచ్చిపడతాయి.

విమర్శలూ ఉన్నాయి. తొమ్మిది దేశాల్లో 23 వేలకు పైగా గర్భిణులను చూసిన 2008 నాటి హాపో అధ్యయనం, చక్కెర పెరిగినకొద్దీ ముప్పు పెరుగుతూనే ఉంటుందని, ఫలానా అంకె దగ్గర మొదలవదని తేల్చింది. దాని ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పరగడుపు 92, రెండు గంటలకు 153 అని హద్దులు పెట్టింది. ఆ కొలతతో చూస్తే పరగడుపు లేని పరీక్షకు చాలామంది దొరకట్లేదని 2014లో చెన్నై పరిశోధకులే చూపించారు. నా మటుకు నాకు శేషయ్య వాదనే బలంగా తోస్తుంది. రెండు బస్సులు మారి పీహెచ్‌సీకి వచ్చిన ఆమెను, రేపు ఏమీ తినకుండా రమ్మంటే ఎంతమంది వస్తారు?

జాబితాలోని అన్ని అంశాల్లోకీ గట్టిది, ముందు గర్భంలో షుగర్ రావడం. అలా వచ్చినవాళ్లకు తర్వాత టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం మిగతావారికన్నా ఏడు రెట్లని 2009 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. అందుకే కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయాలి. అప్పటికి ఆమె పుట్టింట్లో ఉంటుంది, చెకప్‌లు జరిగింది అత్తారి ఊరి ఏఎన్‌ఎం దగ్గర. బిడ్డ టీకాలకు కార్డు తీస్తారు, తల్లి రక్తం సంగతి ఎవరికీ గుర్తుండదు. మళ్లీ కడుపుతో వచ్చినప్పుడు షుగర్ ఉందా అని అడిగితే, "అప్పట్లో కాస్త ఉందన్నారు, కాన్పవగానే పోయింది" అంటుంది.