30 గెలుపులు, 26 ఓటములు: టెక్సస్ ఎ అండ్ ఎం కొత్త కోచ్ తొలి ఏడాది వెనక కథ

2025 మే 26న అమెరికా కాలేజీ బేస్‌బాల్ జాతీయ టోర్నమెంట్‌కు ఎంపికైన 64 జట్ల జాబితా వెలువడింది. కాలేజీ జట్ల లీగుల్లో ఒకటైన సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే ఎస్‌ఈసీలో ఉన్న 16 జట్లలో ఏకంగా 13 జట్లకు చోటు దక్కింది. దక్కని మూడింటిలో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ ఒకటి. ఆ ఫిబ్రవరిలో సీజన్ మొదలయ్యేటప్పుడు దేశంలో నంబర్ వన్ అని ర్యాంకింగులు చెప్పిన జట్టు అదే. మొత్తం 56 మ్యాచ్‌లలో గెలిచినవి 30, కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు 30 ఆడితే గెలిచినవి 11. హెడ్ కోచ్ మైఖేల్ ఎర్లీకి అది తొలి సీజన్.

తప్పు కోచ్‌దేనని చాలామంది అప్పటికప్పుడే తేల్చేశారు. ఆయన వంతు తప్పు లేకపోలేదు, దాని సంగతి కిందికి వస్తాను. కానీ ఈ 30–26 ఎక్కడ మొదలైందో తెలియాలంటే కనీసం నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి.

2021లో ఎ అండ్ ఎం రికార్డు దాదాపు ఇలాగే ఉంది: 29 గెలుపులు, 27 ఓటములు, ఎస్‌ఈసీలో 9–21. అప్పటి కోచ్ రాబ్ చిల్డ్రెస్‌కు అది 16వ సీజన్. 2007 నుంచి 2019 దాకా ఒక్క ఏడాది కూడా తప్పకుండా జట్టును జాతీయ టోర్నమెంట్‌కు తీసుకెళ్లినవాడాయన. 2011లో, 2017లో ఒమాహా కూడా చేర్చాడు. నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో చివరి 8 జట్లతో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్ ఈ ఆటలో అందరి గమ్యం. అయినా ఆ ఒక్క సీజన్ తర్వాత చిల్డ్రెస్ కాంట్రాక్టు పొడిగించలేదు. ఆయన స్థానంలో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీని అయిదుసార్లు ఒమాహాకు తీసుకెళ్లిన జిమ్ ష్లాస్‌నేగల్‌ను తెచ్చారు.

ఎ అండ్ ఎం అభిమానులకు 'కొత్త కోచ్ తొలి ఏడాది' అనే మాటకు కొలమానం అక్కడే తయారైంది. ష్లాస్‌నేగల్ వేరే కాలేజీల నుంచి బదిలీపై వచ్చిన ఆటగాళ్లను కూడగట్టి 2022లో 44–20తో జట్టును నేరుగా ఒమాహాకు చేర్చాడు. అక్కడ చిరకాల ప్రత్యర్థి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌ను ఓడించి ఇంటికి పంపాడు కూడా. కాలేజీ మారిన ఆటగాడు ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధన 2021లోనే సడలింది కాబట్టి, వచ్చిన కోచ్ ఆరు నెలల్లో జట్టు స్వరూపం మార్చేయవచ్చని అందరికీ అర్థమైంది. దానితోపాటు, తొలి ఏడాదే ఫలితం రావాలన్న తొందర కూడా మొదలైంది. అది ఈ ఆటకు మంచి చేయలేదని నా అభిప్రాయం.

2024 ష్లాస్‌నేగల్‌కు మూడో సీజన్. జట్టు 53–15తో ముగించింది. ప్రధాన బ్యాటర్ బ్రేడెన్ మోంట్‌గమరీ ఒమాహాకు ముందు దశ అయిన సూపర్ రీజనల్‌లో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అయినా జట్టు ఆగకుండా ఫైనల్ దాకా వెళ్లింది. మూడు మ్యాచ్‌ల ఫైనల్లో టెనెసీపై మొదటిది గెలిచి, మిగతా రెండూ ఓడింది. చివరి మ్యాచ్ 6–5. యూనివర్సిటీకి తొలి బేస్‌బాల్ టైటిల్ ఒక్క పరుగు తేడాతో చేజారింది.

జూన్ 24 రాత్రి జరిగిన ఆ మ్యాచ్ తర్వాతి విలేఖరుల సమావేశాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. మీరు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు వెళ్తున్నారటగా అని ఒక విలేఖరి అడిగితే ష్లాస్‌నేగల్ మండిపడ్డాడు. మరో ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదనే ఎ అండ్ ఎంకు వచ్చానన్నాడు, ఈ సమయంలో అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు మాట్లాడాడు. టెక్సస్ తన కోచ్ డేవిడ్ పియర్స్‌ను తప్పించింది కూడా అదే రోజు. ఒక రోజు గడిచేసరికి ష్లాస్‌నేగల్ టెక్సస్ కోచ్ అయిపోయాడు. టెక్సస్ అథ్లెటిక్ డైరెక్టర్, అంటే క్రీడా విభాగం అధిపతి, క్రిస్ డెల్ కాంటే ఆయనకు టెక్సస్ క్రిస్టియన్ రోజుల నుంచీ తెలిసినవాడే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలోని మన తెలుగు కుటుంబాల్లో ఈ రెండు యూనివర్సిటీల్లోనూ పిల్లలు చదివే ఇళ్లున్నాయి. ఆ వైరం ఎంత లోతైనదో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆ జులై 1 నుంచి టెక్సస్ కూడా ఎస్‌ఈసీలోకే వచ్చింది.

ఆ వారం ఎ అండ్ ఎం అథ్లెటిక్ డైరెక్టర్ ట్రెవ్ ఆల్బర్ట్స్ ముందున్న చిక్కు కోచ్‌ను వెతకడం ఒక్కటే కాదు. హెడ్ కోచ్ మారితే ఆ జట్టు ఆటగాళ్లకు బదిలీ కోరుకునే అవకాశం తెరుచుకుంటుంది. అసలే ష్లాస్‌నేగల్ వెంట సహాయకులు కూడా కదిలారు. బ్యాటింగ్ కోచ్‌గా ఉన్న ఎర్లీ కూడా టెక్సస్‌కు వెళ్లబోయినవాడే. ఆయన్ను వెనక్కి పిలిచి, వారం తిరగకుండానే హెడ్ కోచ్‌ను చేశారు. 2021లో అరిజోనా స్టేట్ నుంచి వచ్చిన ఎర్లీ అంటే బ్యాటర్లకు గురి. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1లో హెడ్ కోచ్‌గా చేసిన అనుభవం మాత్రం లేదు. ఆయన ఉంటే ఆటగాళ్లు ఉంటారన్నది లెక్క, ఆ లెక్క తప్పలేదు. బ్యాటర్ జేస్ లావయొలెట్ ఉండిపోయాడు. తొలి ఏడాదే 23 హోమ్ రన్లు కొట్టిన గావిన్ గ్రహోవాక్ ఉండిపోయాడు. ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏంజెల్స్ జట్టు తీసుకున్నా పిచర్ ర్యాన్ ప్రేగర్ కాలేజీకే తిరిగొచ్చాడు. జట్టు చెల్లాచెదురు కాకుండా చూడటమే ఎర్లీకి అప్పగించిన మొదటి పని అయితే, ఆ పనిని ఆయన జులైలోనే పూర్తిచేశాడు.

సీజన్‌కు ముందు ర్యాంకులు ఇచ్చేవాళ్లు ప్రధానంగా చూసేది ఎవరు తిరిగొస్తున్నారన్నదే. ఎ అండ్ ఎం బ్యాటర్ల పేర్లు చూస్తే నంబర్ వన్ ఇవ్వడం వింత కాదు. వెళ్లిపోయినవాళ్లను తక్కువగా లెక్కగట్టారు. 2024లో దేశంలోకెల్లా ఉత్తమ రిలీఫ్ పిచర్‌గా (మ్యాచ్ మధ్యలో వచ్చి బంతి అందుకునేవాడు) అవార్డు అందుకున్న ఇవాన్ ఆషెన్‌బెక్ లేడు. వేగం బాగా ఉన్న పిచర్ క్రిస్ కోర్టెజ్ లేడు. మరో పిచర్ షేన్ స్డావ్‌ను మోచేతి గాయం సీజన్ మొత్తానికీ దూరం చేసింది. పిచింగ్ కోచ్ మాక్స్ వీనర్ ష్లాస్‌నేగల్‌తో వెళ్లిపోయాడు. ఆ స్థానంలోకి వాషింగ్టన్ హెడ్ కోచ్ పదవి వదిలి జేసన్ కెల్లీ వచ్చాడు. అంటే చివరి ఇన్నింగ్స్‌లలో ఆధిక్యాన్ని కాపాడే విభాగం దాదాపు మొత్తం మారిపోయింది. ర్యాంకు మాత్రం పాత జట్టుదే.

ఇక సీజన్. మొదటి వారాల్లోనే గ్రహోవాక్ భుజం గాయంతో ఏడాది మొత్తానికీ తప్పుకున్నాడు. ఎస్‌ఈసీలో మొదటి 9 మ్యాచ్‌లలో 8 ఓడారు. అక్కడితో కథ ముగిసిందనుకుంటే ఏప్రిల్‌లో టెనెసీకి వెళ్లి, డిఫెండింగ్ ఛాంపియన్ల మీద వాళ్ల మైదానంలోనే సిరీస్ గెలిచారు. సౌత్ కరోలినాతో మూడుకు మూడు, అర్కన్సాతో రెండు, తర్వాత ఆ ఏడాది ఛాంపియన్ కాబోతున్న ఎల్‌ఎస్‌యూతో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) రెండు గెలిచారు. మధ్యలో ఆస్టిన్ వెళ్లి ష్లాస్‌నేగల్ జట్టుకు మూడు మ్యాచ్‌లూ వదిలేశారు. ఇన్ని ఎత్తుపల్లాల మధ్య కూడా ఎస్‌ఈసీలో 10–14కు చేరారు. 13 గెలుపుల దాకా వస్తే ఈ కాన్ఫరెన్స్ జట్టుకు టోర్నమెంట్ పిలుపు దాదాపు ఖాయం. అదే ఏడాది 13–17తో కెంటకీ వెళ్లింది.

అప్పుడొచ్చింది మిజోరి. మే 9 నుంచి 11 వరకు కాలేజ్ స్టేషన్‌లో, సొంత మైదానంలో సిరీస్. మిజోరి అప్పటికి ఎస్‌ఈసీలో 24 ఆడి 24 ఓడింది. శుక్రవారం మిజోరి గెలిచింది, శనివారం గెలిచింది, ఆదివారం కూడా గెలిచింది. ఆ జట్టు సీజన్ 3–27తో ముగిసింది. ఆ మూడు గెలుపులూ ఈ సిరీస్‌లోవే. గాయాలు, కోచ్ మార్పు, ర్యాంకు భారం, ఏ కారణమూ ఈ మూడు రోజులకు సరిపోదు. టెనెసీని వాళ్ల ఊళ్లో ఓడించిన ఆటగాళ్లే వీళ్లు. పెద్ద జట్లతో చూపిన పట్టుదల అట్టడుగు జట్టుతో కనిపించలేదంటే ఆ బాధ్యత హెడ్ కోచ్‌దే. ఎర్లీ ఖాతాలో రాయాల్సిన మొదటి పద్దు ఇదే. అది చాలా పెద్దదే.

ఆటగాళ్లు మాత్రం ఆయన్ను వదిలేయలేదు. ఎస్‌ఈసీ టోర్నమెంట్‌లో ఆబర్న్ పిచర్ వేసిన బంతి తగిలి లావయొలెట్ చెయ్యి విరిగింది. సర్జరీ చేయించుకుని, తర్వాతి మ్యాచ్‌కే ఎల్‌ఎస్‌యూ మీద బరిలోకి దిగాడు. ఆ మ్యాచ్ 4–3తో ఓడటంతో ఆశలు ముగిశాయి. 68 హోమ్ రన్లతో యూనివర్సిటీ రికార్డు నెలకొల్పి, డ్రాఫ్ట్‌లో 27వ స్థానంలో క్లీవ్‌ల్యాండ్ జట్టుకు వెళ్లాడు. కోచ్ మీద నమ్మకం పోయిన జట్టులో ఇలాంటిది జరగదని గట్టిగా నమ్ముతాను.

అదే ఏడాది మరో సహాయకుడు హెడ్ కోచ్ అయ్యాడు: కోస్టల్ కరోలినాలో కెవిన్ ష్నాల్. తొలి సీజన్‌లోనే 56–13, వరసగా 26 గెలుపులు, ఒమాహా ఫైనల్. ఎర్లీని విమర్శించేవాళ్లు ఈ పేరే ఎత్తారు. అయితే ష్నాల్ ఆ కాలేజీలోనే ఆడి, ఎన్నో ఏళ్లు అక్కడే పనిచేసినవాడు. 29 సీజన్లు నడిపిన గ్యారీ గిల్మోర్ ముందే ప్రకటించి రిటైరయ్యాడు. జట్టు ఎవరి చేతికి వెళ్లాలో ఆలోచించుకోవడానికి సమయం దొరికింది. ఎర్లీకి దొరికింది ఒక్క వారం, అదీ ఫైనల్ ఓడిన బాధలో ఉన్న ఆటగాళ్లతో. ఇద్దరినీ ఒకే తూకంలో వేయడం అన్యాయం.

మరోవైపు ష్లాస్‌నేగల్ టెక్సస్‌లో తొలి ఏడాదే 22–8తో ఎస్‌ఈసీ రెగ్యులర్ సీజన్ టైటిల్ గెలిచాడు. అయితే జాతీయ టోర్నమెంట్‌లో సొంత మైదానంలోనే టెక్సస్ శాన్ ఆంటోనియో జట్టు చేతిలో ఓడి, తొలి దశ అయిన రీజనల్ కూడా దాటలేకపోయాడు.

ఎర్లీని కొనసాగిస్తామని ఆల్బర్ట్స్ ప్రకటించాడు. నాకు అది సరైన నిర్ణయమే అనిపించింది. లావయొలెట్, కేడెన్ కెంట్ లాంటివాళ్లు డ్రాఫ్ట్‌తో వెళ్లిపోయారు. 2025–26 నుంచి ఒక్కో జట్టుకు 34 మంది పరిమితి కూడా వచ్చింది. ఆ 34 మందిలో ఎవరుండాలో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి ఎవరికివ్వాలో ఈసారి వారం రోజుల హడావుడిలో కాక, ఒక వేసవి మొత్తం కూర్చుని ఎర్లీ ఎంచుకున్నాడు. అక్కడి నుంచి వచ్చే గెలుపోటములు పూర్తిగా ఆయనవే.