ఎల్లో ప్లేట్‌కు తాళం, వైట్ ప్లేట్‌కు కూత

కొత్తగా అమ్మే ప్రతి కారుకూ కంపెనీలోనే వేగానికి కళ్లెం వేసి పంపాలన్న మాట మళ్లీ లేచింది. యూరప్‌లో వచ్చింది, మనకెందుకు రాదని ఒకరు. నా డబ్బుతో కొన్న కారు ఎంతలో తోలాలో ప్రభుత్వం చెబుతుందా అని ఇంకొకరు. నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర బాడుగ కార్ల వాళ్ల ముందు ఈ చర్చ పెడితే మాత్రం నవ్వుతారు. వాళ్ల బండ్లకు ఆ కళ్లెం పడి చాలా ఏళ్లయింది. సొంత కార్ల వాళ్లు ఇప్పుడు భయపడుతున్నదేదో వాళ్లకు రోజూ కాలి కింద తగులుతూనే ఉంది.

మోటారు వాహనాల చట్టం పుట్టుక, లారీలకు బిగించే స్పీడ్ గవర్నర్ల (వేగం హద్దు దాటనివ్వని పరికరాల) పాత కథ ఇక్కడ అక్కర్లేదు. ఇవాళ్టి గొడవకు మూలం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2015 ఏప్రిల్ 15న మార్చిన 118వ నిబంధన. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దానికి 2017లో వేసిన అతుకు.

2015 అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలు 80 కిలోమీటర్లు దాటకుండా కంపెనీయే స్పీడ్ గవర్నర్ బిగించి ఇవ్వాలన్నది ఆ నిబంధన. టిప్పర్లకు, ట్యాంకర్లకు, స్కూలు బస్సులకు 60. అంబులెన్సులు, ఫైరింజన్లు, పోలీసు బండ్లు దీని కిందికి రావు. డ్రైవరు కాక ఎనిమిది మందిలోపు కూర్చునే చిన్న కార్లను కూడా అప్పుడు వదిలేశారు, ట్యాక్సీ అయినా సరే. 2017లో ట్యాక్సీలకు ఆ వెసులుబాటు తీసేశారు.

అప్పటి నుంచి షోరూముల్లో ఒకే కారు రెండు రకాలైంది. ట్యాక్సీల కోసం మారుతి విడిగా అమ్మే డిజైర్ టూర్ 80 దగ్గర ఆగిపోతుంది. ఇంటికి కొనుక్కునే డిజైర్‌కు ఆ అడ్డు లేదు. బ్రేకులు బాగున్నాయా, డ్రైవరుకు ఎన్నేళ్ల అనుభవం ఉంది, ఇవేవీ లెక్కలోకి రాలేదు. లెక్కలోకి వచ్చింది నంబరు ప్లేటు రంగు ఒక్కటే: ట్యాక్సీకి పసుపు, సొంత కారుకు తెలుపు.

కొత్త బండ్లలో ఈ తాళం కంటికి కనపడదు. ఇంజను కంప్యూటర్లోనే రాసి ఉంటుంది. 80 దగ్గరికి రాగానే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంధనం పెరగదు. బ్రేకు పడదు, కుదుపూ రాదు, బండి అంతకుమించి ముందుకు ఉరకదు, అంతే. పాత బండ్లకు మాత్రం విడిగా ఒక డబ్బా బిగిస్తారు. అది పెడల్‌కూ ఇంజనుకూ మధ్య కూర్చుని, వేగం హద్దు దాటబోతే పెడల్ సంకేతాన్ని తగ్గించి పంపుతుంది. ఎఫ్‌సీకి (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోయే ముందు దాని వైరు కలిపి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సంతకం పడ్డాక పీకేసే వాళ్లున్నారు. డ్రైవర్లే ఒప్పుకుంటారీ మాట.

ఎందుకు పీకుతారంటే వాళ్లు చెప్పే లెక్క వినాలి. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 80లో పోతే 131 నిమిషాలు, 100లో పోతే 105. తేడా 26 నిమిషాలు. వినడానికి చిన్నదే. కానీ ఇక్కడి బాడుగల్లో పెద్ద భాగం చెన్నై ఆస్పత్రులకు, చెన్నై ఎయిర్‌పోర్టుకు. డాక్టరు దగ్గర టోకెను పోతుందనో, విమానం తప్పిపోతుందనో వెనక సీట్లోంచి తొందర పెట్టే మనిషి ఈ 26 నిమిషాలను డ్రైవరు చేతగానితనం కింద జమకడతాడు. మళ్లీసారి వైట్ ప్లేట్ బండి కావాలంటాడు. సొంత కార్లను బాడుగకు తిప్పడం చట్టవిరుద్ధం. పన్ను, పర్మిట్, ఎఫ్‌సీ అన్నీ కట్టినవాడి బండి నెమ్మదిగా పోతుంటే, ఏదీ కట్టనివాడి బండి పక్కనుంచి దూసుకుపోతుంది. ఎల్లో ప్లేట్ వాళ్ల కడుపుమంట అసలు ఇక్కడే ఉంది.

ఓవర్‌టేక్ లెక్క ఇంకోటి. 75లో పోయే లారీని 80లో దాటాలంటే, ముందూ వెనకా వదలాల్సిన జాగాతో కలిపి దాదాపు 40 సెకన్లు పడుతుంది. ఆ లోపల కారు 900 మీటర్ల దూరం లారీ పక్కనే పోతుంటుంది. 100లో అయితే 8 సెకన్లు, 225 మీటర్లు. ఆరు వరసల హైవే మీద ఇది విసుగు మాత్రమే. ఆత్మకూరు వైపో, ఒంగోలు నుంచి పొదిలి వైపో రెండు వరసల రోడ్డు మీద ప్రాణభయం. (అలాంటి రోడ్డు మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన హద్దే 70 అని గుర్తుచేస్తే, డ్రైవర్లు కాసేపు మాట మారుస్తారు.)

తర్వాత 2018 ఏప్రిల్‌లో కేంద్రం వేగాల పట్టిక పెంచింది. నడుమ డివైడరున్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120. ఆ పట్టిక సీట్లను లెక్కపెట్టింది కానీ ప్లేటు రంగు చూడలేదు. అంటే బాడుగ కారుకు రోడ్డు 100 ఇచ్చింది, తాళం 80 దగ్గర ఆపింది. రెండు ఉత్తర్వులూ ఒకే మంత్రిత్వ శాఖవి. ఆ పెంపును 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. పెద్ద ప్రమాదాలకు వేగమే కారణమన్నది కోర్టు మాట.

రోడ్డు భద్రత వాళ్ల వాదనకు బలం లేకపోలేదు. 80 నుంచి 120కి పోతే వేగం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది, గుద్దుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి మాత్రం 2.25 రెట్లు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, పది మందిలో ఏడుగురి చావుకు కారణం అతివేగమని కేంద్రం నివేదిక. అయితే ప్రమాదం జరిగాక పోలీసు ఫారంలో రాయడానికి అన్నిటికంటే సులువైన మాట కూడా అతివేగమే. 2025 సెప్టెంబరులో సంగం మండలం పెరమన దగ్గర తప్పుదారిలో వచ్చిన టిప్పర్ కారును ఢీకొట్టి ఏడుగురు పోయారు. టిప్పర్లకు 60 తాళం 2015 నుంచే ఉంది. ఎదురు దారిలో రావద్దని చెప్పే తాళం ఏ కంపెనీ బిగించదు.

మరి సొంత కార్లకు ఏమొచ్చింది? కూత. 2019 జులై 1 నుంచి తయారైన కార్లన్నిటిలో 80 దాటితే నిమిషానికోసారి, 120 దాటితే ఆపకుండా బీప్ మోగాలి. 16వ నంబరు హైవే ఎక్కిన పది నిమిషాలకు ఆ శబ్దం ఎవరి చెవికీ ఆనదు. దాని నోరు నొక్కించుకునేవాళ్లూ ఉన్నారు. ఉమ్మడి ప్రకాశంలో కొరిశపాడు దగ్గర ఇదే హైవే మీద అత్యవసరమైతే యుద్ధ విమానాలు దిగేలా రన్‌వే కట్టారు. 2022 డిసెంబరులో ట్రయల్ కూడా చేశారు. అంత నున్నటి రోడ్డు ఇచ్చి బీప్‌తో ఆపాలనుకోవడం ఏమిటో మరి.

ఇప్పుడు ఉదాహరణగా చూపిస్తున్న యూరప్ పద్ధతి నిజానికి తాళం కాదు. అక్కడ 2022 జులై నుంచి కొత్త మోడళ్లకు, 2024 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ అది తప్పనిసరి. కెమెరా రోడ్డు పక్క బోర్డు చదువుతుంది, మ్యాపుతో సరిచూసుకుంటుంది, హద్దు దాటితే హెచ్చరిస్తుంది, లేదా పెడల్‌ను కొంచెం వెనక్కి నెడుతుంది. డ్రైవరు కావాలనుకుంటే గట్టిగా తొక్కి దాటిపోవచ్చు, ఆపేయవచ్చు. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ మేలుకుంటుంది. మన దగ్గర దానికి చదవడానికి బోర్డు కనపడాలి కదా. పెళ్లి ఫ్లెక్సీలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, రోడ్డు పని అయిపోయినా ఎవరూ పీకని 30 బోర్డు: ఇందులో ఏది నమ్మాలో కెమెరాకు ఎవరు నేర్పుతారు?

బాడుగ కార్ల వాళ్లు వేగానికి హద్దు పెట్టడానికి వ్యతిరేకమేమీ కాదు. తాళం వేస్తే అందరికీ ఒకటే వేయండి, కూత పెడితే అందరికీ ఒకటే పెట్టండి అన్నది వాళ్ల మాట. నాలుగైదేళ్లు బాడుగకు తిరిగిన ఎల్లో ప్లేట్ కారును అమ్మేటప్పుడు ఆర్టీఏ ఆఫీసులో సొంత బండిగా మార్పిస్తారు. ప్లేటు తెల్లగా మారగానే కొన్నవాడు చేయించే మొదటి పని ఆ 80 తాళం తీయించడం. టైర్లు అరిగి, లక్ష కిలోమీటర్లు దాటిన అదే బండి ఆ సాయంత్రం నుంచి 120లో పోవచ్చు.