వాడ బాగుపడితే అక్కడివాళ్లు ఎందుకు వెళ్లిపోతారు?

చిరంజీవులకు ఆశీస్సులు.

కార్మికవాడకు మంచి రోడ్డు, పార్కు వస్తే అక్కడివాళ్లు ఎందుకు దిగులు పడతారని అడిగారు. రోడ్డు మీద ఎవరికీ కోపం లేదర్రా. దానికోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నది వాళ్లే. తీరా అది వచ్చేసరికి అద్దెలు పెరిగి వాళ్లే ఖాళీ చేయాల్సి వస్తోంది.

లండన్ కార్మికవాడల్లో డబ్బున్నవాళ్లు పాత ఇళ్లు కొని బాగుచేసుకుంటుంటే పాతవాళ్లు చెదిరిపోవడం గమనించి, 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని జెంట్రిఫికేషన్ అన్నారు. 1979లో నీల్ స్మిత్ అనే భూగోళ శాస్త్రవేత్త దీని వెనకున్న డబ్బు లెక్క చెప్పారు. ఒక స్థలం మీద ఇప్పుడొస్తున్న అద్దెకూ, రాగలిగే అద్దెకూ తేడా బాగా పెరిగితే పెట్టుబడి అక్కడ వాలుతుంది.

సొంతిల్లుంటే అమ్ముకోవచ్చు, పన్ను పెరిగితే వాళ్లకూ ఇబ్బందే. అసలు దెబ్బ అద్దెవాళ్లకు. అందరికీ ఖాళీ చేయమని నోటీసులేం రావు. కొందరు మందులు మానేసి అద్దె కడతారు. పనికోసం నగరానికి కొత్తగా వచ్చే కూలీకైతే అక్కడ గదే దొరకదు. ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్ల లెక్కలో ఆ మనిషి కనిపించనే కనిపించడు.

తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్లే తల్లిని ఊహించుకోండి. నిద్రపోతున్న పిల్లను దుప్పటితో సహా ఎత్తుకెళ్లి పక్కింటి పెద్దమ్మ మంచం మీద పడుకోబెట్టి పోతుంది. తల దువ్వి బడికి పంపేది ఆ పెద్దమ్మే. నగరం చివరికి మారితే తక్కువ అద్దెకు గది దొరకొచ్చు, ఆ పెద్దమ్మ దొరకదు. పిల్లకోసం మనిషిని పెట్టుకోవాలి, పనికి రెండు బస్సులు మారాలి. అద్దెలో మిగిలిందంతా అక్కడే పోతుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఈ నష్టానికి పరిహారం అడగడానికి కాగితమంటూ ఉండదు.

అలాగని వాడలను మురికిలో వదిలేయమని కాదు. జర్మనీలో నగరమే ఒక రాష్ట్రమైన బెర్లిన్ 2020లో అద్దెలకు కళ్లెం వేసింది. అలాంటి చట్టం చేసే అధికారం రాష్ట్రానికి లేదని 2021లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అమెరికాలో బాస్టన్ నగరపు డడ్లీ స్ట్రీట్ వాసులు మరో దారి పట్టారు. సంఘంగా ఏర్పడి, పాడుబడ్డ ఖాళీ స్థలాలను సేకరించే అధికారాన్ని 1988లో నగరపాలన నుంచి సాధించారు. నేల సంఘానిది, ఇల్లు ఉండేవాళ్లది. ఇల్లు అమ్ముకున్నా ధరకు హద్దుంటుంది. నాకు ఈ దారే గట్టిదనిపిస్తుంది. కాకపోతే ధరలు పెరగకముందే మేలుకోవాలి, ఆ తర్వాత ఏ సంఘానికీ ఆ నేల అందదు.

ఉంటాను,
మీ తాతయ్య