వణికిన పికప్, మారిన ద్రవం

2015 తర్వాత అమెరికాలో షెవర్లే సిల్వరాడో పికప్ కొన్న చాలామందికి ఒకే రకం ఇబ్బంది వచ్చింది. హైవే మీద సాఫీగా పోతున్న బండి, యాక్సిలరేటర్ మీద కాస్త కాలు ఆన్చగానే, గరుకు పట్టీల మీదికి ఎక్కినట్టు సన్నగా వణికేది. గేర్‌బాక్స్ పోయిందేమోనని యజమానులకు టెన్షన్. కొన్ని బళ్లకు ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్లు మార్చినా వణుకు మళ్లీ వచ్చింది. చివరికి 2019లో జనరల్ మోటార్స్ తన డీలర్లకు కొత్త సూచన పంపింది: ఎనిమిది గేర్ల ఆ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఉన్న ద్రవాన్ని పూర్తిగా తీసేసి, వేరే రకం పొయ్యండి. పాత ద్రవంలోకి తేమ చేరడమే వణుకుకు కారణమని తేలింది. కోర్టు కేసులు కూడా నడిచాయనుకోండి, అది వేరే కథ. ఇనుప ముక్క ఒక్కటీ మార్చకుండా ద్రవం మార్చి రిపేరు చేయడం ఎలా కుదిరిందన్నదే ఇక్కడ ఆసక్తికరమైన సంగతి.

ఇంజన్ ఆయిల్‌కు ప్రధానమైన పని లోహం లోహాన్ని ఒరుసుకోకుండా చూడటం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో తిరిగే ద్రవానికి, అంటే ఏటీఎఫ్‌కు (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్), అది ఉన్న పనుల్లో ఒకటి మాత్రమే. బండి కదిలేటప్పుడు ఇంజన్ బలం గేర్‌బాక్స్‌కు చేరేదే దీని గుండా. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ వైపున్న రెక్కల చక్రం ద్రవాన్ని విసిరికొడుతుంది. ఆ ఒరవడికి ఎదుటి చక్రం తిరుగుతుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల టర్బైన్ల కోసం పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. గేరు మార్చేది కూడా ద్రవమే. పంపు దాన్ని ఒత్తిడితో సన్నటి దారుల్లోకి నెడుతుంది, అది పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ క్లచ్ ప్లేట్లను బిగిస్తుంది. ఈ క్రమంలో పుట్టిన వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదిలిపెట్టేదీ అదే.

అసలు చిక్కంతా క్లచ్ ప్లేట్ల దగ్గరుంది. ఒక ఉక్కు ప్లేటు, దాని పక్కన కాగితం లాంటి పొర అంటించిన ప్లేటు, మళ్లీ ఉక్కు ప్లేటు... ఇలా వరసగా పేర్చి ఉంటాయి, అన్నీ నూనెలో నానుతూనే పనిచేస్తాయి. అంటే ఒకే ద్రవం గేరు పళ్ల దగ్గర జారనివ్వాలి, ప్లేట్ల దగ్గర పట్టనివ్వాలి. పట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. ప్లేట్ల వేగాలు దగ్గరయ్యే కొద్దీ ఘర్షణ పెరగకూడదు. చివరి క్షణంలో పెరిగిందంటే ప్లేట్లు పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. సెకనుకు పదుల సార్లు జరిగే ఈ పట్టు–విడుపులే మనకు వణుకుగా తెలుస్తాయి. దీన్ని ఆపడానికి ద్రవంలో ఫ్రిక్షన్ మాడిఫయర్లు కలుపుతారు. వాటి అణువుల ఒక కొస ఉక్కును అంటుకుంటుంది, పొడుగాటి రెండో కొస నూనెలోకి నిలబడి ఉంటుంది. నెమ్మదిగా జారేటప్పుడు ఆ పొరే మెత్తగా అడ్డు నిలుస్తుంది. కాగితం పొర నీటిని పీల్చుకుంటే, మాడిఫయర్ నిలవాల్సిన చోటును నీళ్లు ఆక్రమిస్తాయి. పైగా కొత్త బళ్లలో టార్క్ కన్వర్టర్‌లోని రెండు వైపులనూ కలిపి బిగించే లాకప్ క్లచ్‌ను కావాలనే కాస్త జారనిస్తూ నడిపిస్తారు. అందుకే ద్రవంలో చిన్న తేడా వచ్చినా వెంటనే బయటపడుతుంది.

ఈ మెత్తదనం కోసం మొదట్లో వాడింది తిమింగలం నూనె అంటే చాలామంది నమ్మరు. జనరల్ మోటార్స్ 1949లో తెచ్చిన టైప్ ఏ ద్రవంలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. అది మామూలు కొవ్వు కాదు, ద్రవరూపంలో ఉండే మైనం. వేడికి ఓర్చుకుంటుంది, లోహాన్ని బాగా అంటుకుంటుంది. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చాక, రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాల కోసం పరుగులు పెట్టాల్సి వచ్చింది. కార్ల గేర్‌బాక్సుల కోసం సముద్రంలో వేట సాగిందన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఈ ద్రవానికి పెద్ద శత్రువు వేడి. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ ఇచ్చిన సూత్రం నుంచి ఇంజనీర్లు ఒక మోటు లెక్క కట్టుకున్నారు: పది డిగ్రీలు పెరిగితే నూనె పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. మామూలుగా 80, 90 డిగ్రీల దగ్గర నడిచే గేర్‌బాక్స్, వెనక బరువైన ట్రైలర్ తగిలించి ఘాట్ ఎక్కిస్తే 110 దాటొచ్చు. కంపెనీలు మాత్రం గడువులు దూరంగానే రాస్తాయి. ఫోర్డ్ ఎఫ్-150 లాంటి వాటికి మామూలు వాడకంలో 1,50,000 మైళ్లు అంటారు. ట్రైలర్ లాగే బండికి ఆ అంకెను నమ్ముకోవడం నా దృష్టిలో అత్యాశ.

ఇక మార్చడం. ఇంజన్ ఆయిల్‌లా బోల్టు విప్పితే మొత్తం దిగిపోదు. పెద్ద పికప్ గేర్‌బాక్స్‌లో పన్నెండు లీటర్లు ఉందనుకుంటే, అడుగున ఉండే తొట్టి లాంటి ప్యాన్ విప్పినప్పుడు వచ్చేది ఐదు. మిగతా ఏడూ టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతాయి. ఒకసారి మారిస్తే కొత్తది 42 శాతం. కొన్నాళ్లు తిప్పి మళ్లీ మారిస్తే 66, మూడోసారికి 80. షాపుల్లో మెషిన్‌తో ఫ్లష్ చేస్తామంటారు. కూలర్ పైపు దగ్గర బండి సొంత పంపుతోనే పాతది బయటికి పంపిస్తే మంచిదే. బయటి నుంచి ఒత్తిడి పెట్టి తోసే పద్ధతి కన్నా నిదానంగా రెండు మూడు సార్లు మార్చుకోవడమే నాకు నచ్చుతుంది.

లెవెల్ చూడటంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ఈ నూనె డిగ్రీకి దాదాపు 0.07 శాతం వ్యాకోచిస్తుంది. పన్నెండు లీటర్లు 20 నుంచి 90 డిగ్రీలకు వెళితే అర లీటరుకు పైనే పెరుగుతుంది. అందుకే కంపెనీ చెప్పిన వేడి దగ్గరే చూడాలి, ఇంజన్ ఆన్‌లో ఉండగానే చూడాలి. ఆ వేడి అన్ని బళ్లకూ ఒకటి కాదు. లెవెల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను నురగ చేస్తాయి. రెంటిలోనూ ఒత్తిడి నిలవదు, ప్లేట్లు జారి మాడతాయి.

తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌లో కూడా ఆటోమేటిక్ వచ్చింది కాబట్టి ఇదంతా మనవాళ్లకూ పనికొచ్చే సంగతే. డబ్బా మీద ఏటీఎఫ్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ కలవాలి. ఒకప్పుడు ఫోర్డ్ టైప్ ఎఫ్ ద్రవంలో మాడిఫయర్ ఉండేది కాదు, జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్‌లో ఉండేది. రంగు రెంటికీ ఎరుపే!

పాత బండికి ద్రవం మారిస్తే గేర్‌బాక్స్ పోతుందన్న భయం ఊరూరా ఉంది. చాలాసార్లు అప్పటికే ప్లేట్లు అరిగి గేర్లు జారుతుంటేనే జనానికి ద్రవం గుర్తొస్తుంది, నింద దాని మీద పడుతుంది. ప్యాన్ అడుగున ఉండే అయస్కాంతాన్ని తీసి వేలితో తుడిచి చూడండి. కాటుకలా మెత్తటి బూడిదరంగు ముద్ద అంటితే అది మామూలు అరుగుదలే, నిశ్చింతగా కొత్త ద్రవం పొయ్యొచ్చు. వేలికి గుచ్చుకునే రజను, మెరిసే ముక్కలు దొరికినా, నూనె మాడు వాసన కొట్టినా, కొత్త డబ్బాలు కొనే ముందు గేర్‌బాక్స్ రిపేరుకు ఎంతవుతుందో అడగండి.